సిద్దీల పల్లెలో పది దినాలు

మన పత్రికలో యాత్రా విశేషాలు వ్రాసే సోదరీసోదరులు సామాన్యంగా కాశీ రామేశ్వరాలను గూర్చియో, అమెరికాలో ఉన్న కుమారుని ఇంటిని గూర్చియో వ్రాస్తూ ఉంటారు. మేము వ్రాయబోయేది అటువంటి యాత్ర కాదు. పుణ్యానికీ వెళ్ళలేదు, వినోదానికీ వెళ్ళలేదు. గడచిన కార్తీక మాసంలో మన సంఘం తరపున నలుగురం ఉత్తర కన్నడ జిల్లా యల్లాపురం తాలూకాలో సిద్దీలు నివసించే ఒక పల్లెకు వెళ్ళి, పది దినాలు వారి మధ్య ఉండి, చేతనైన సేవ చేసి వచ్చాము. సిద్దీలంటే కొన్ని శతాబ్దాల క్రిందట ఆఫ్రికా ఖండం నుండి ఈ దేశానికి తేబడినవారి సంతతి. ఆఫ్రికా సంతతివారిని చూడాలంటే ఓడ ఎక్కాలనో విమానం ఎక్కాలనో అనుకుంటాము గాని, రాయచూరులో తెల్లవారి బస్సు ఎక్కితే దీపాలు పెట్టే వేళకు వారి ముంగిట దిగవచ్చునని మనలో చాలమందికి తెలియదు. ఆ దినాలలో మాకు కలిగిన తొలి అభిప్రాయాలను పాఠకులతో పంచుకుందామని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఈ ప్రయాణానికి కారకులు మా మిత్రులొకరు. వారు ఆ తాలూకాలో కొన్నేళ్ళు బడిపంతులుగా పనిచేసి, బదిలీ మీద రాయచూరు వచ్చారు. ఈ ఏడు ఎక్కడైనా పేదలకు సేవ చేద్దామని సంఘ సమావేశంలో చర్చ వచ్చినప్పుడు, దుప్పట్లు పంచుదామని ఒకరు, అన్నసంతర్పణ చేద్దామని ఒకరు అన్నారు. ఆయన మాత్రం లేచి, “నేనెరిగిన పల్లెలో అన్నిటికంటె ముందు కావలసినది నిదానంగా కూర్చుండి కన్నడంలో అర్జీలు వ్రాసిపెట్టే మనుషులు” అన్నారు. ఆ మాట మాకు నచ్చినది. ఇరవై ఏళ్ళుగా గుమాస్తా ఉద్యోగం చేస్తున్న మాకు పెద్ద చదువు లేకపోయినా, ఏ ఫారంలో ఏ గడి నింపాలో, ఏ కాగితానికి ఏ నకలు జతపరచాలో బాగా తెలుసు. మాతోబాటు ఒక విశ్రాంత ఉపాధ్యాయులు, బ్యాంకులో పనిచేసే ఒక సోదరి, డిగ్రీ చదువుతున్న ఒక కుర్రవాడు సిద్ధమయ్యారు. సంఘంలోని గృహిణులు పాత చీరలు, పంచెలు రెండు మూటలు కట్టి ఇచ్చారు. పులిహోర పొట్లాలు, కందిపొడి డబ్బా, గోంగూర పచ్చడి జాడీ ఎలాగూ తప్పవు గదా!

నిజానికి మన రాయచూరు సీమకు ఆఫ్రికావారు కొత్తవారు కారు. మన ఊళ్ళోని ఏక్ మీనార్ మసీదును ఎరుగనివారు లేరు. సుమారు 65 అడుగుల ఎత్తున్న ఆ ఒంటి మీనారు నీడన ఎన్నిసార్లు నడిచి ఉంటామో లెక్కలేదు. బహమనీ సుల్తాను మహమూద్ షా కాలంలో, 1513 ప్రాంతాన, అంబర్ అనే అతడు దానిని కట్టించినట్లు అక్కడి పారశీక శాసనం చెబుతున్నది. అంబర్, యాకూత్, సందల్ వంటివి ఆ కాలంలో హబ్షీ బానిసలకు యజమానులు విరివిగా పెట్టిన పేర్లు. హబ్షీ అంటే అబిసీనియా, అనగా నేటి ఇథియోపియా, దేశస్థుడు. ఆ దేశంలో పుట్టి, బానిసగా చేతులు మారి దక్కనుకు చేరి, అహమ్మదునగరం రాజ్యానికి కర్తయై మొగలాయి సేనలను ముప్పుతిప్పలు పెట్టిన మలిక్ అంబర్ వేరు. ఆయన 1548 నుండి 1626 వరకు జీవించాడు. మన మసీదు ఆయన పుట్టకముందే వెలసినది.

ఇక ఆదవాని మనకు రైలులో గంట పైచిలుకు ప్రయాణం. అక్కడి జామియా మసీదును కట్టించిన సిద్ది మసూద్ ఖాన్ 17వ శతాబ్దంలో బిజాపురానికి మంత్రిత్వం నెరపి, పిదప ఆదవానిని ఏలిన హబ్షీ ప్రభువు. 1956 దాకా మన జిల్లా హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది గనుక, ఆ నగరంలోని ఏ.సి. గార్డ్స్ పేట పేరు మన పెద్దలందరూ విన్నదే. నిజాము కొలువులో ఉన్న ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అనే అశ్వికదళం కాపురమున్న చోటది. ఇట్లు కోటలలోను, కొలువులలోను ఉన్న హబ్షీల గుర్తులు రాళ్ళ మీద, పేటల పేర్లలో మిగిలినవి. అడవిలోకి వెళ్ళినవారి గుర్తులు ఎక్కడా చెక్కబడలేదు. మేము వెళ్ళినది వీరి వద్దకు.

తెల్లవారి బయలుదేరిన బస్సు మాన్వి దాటి సింధనూరు సీమలో ప్రవేశించేసరికి కోతకు వచ్చిన వరి చేలు రెండు ప్రక్కలా బంగారు తివాచీ పరచినట్లున్నవి. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయి, ఎడమ గట్టు కాలువ పారిన పిమ్మట, కృష్ణా గుంటూరు గోదావరి జిల్లాల నుండి మన పెద్దలు వచ్చి ఈ నేలలు కొని స్థిరపడిన సంగతి పాఠకులకు మేము చెప్పనక్కర లేదు. దారి పొడుగునా ఫలానా క్యాంపు, ఫలానా క్యాంపు అని బోర్డులు. డెబ్బై ఏళ్ళు కావస్తున్నా ఇంకా క్యాంపులే! మా కుర్రవాడు నవ్వుతూ, “బాబాయిగారూ, మనం ఇంకా గుడారాలలోనే ఉన్నామన్నమాట” అన్నాడు. ఆ మాటకు అప్పుడు అందరం నవ్వాము.

గంగావతి, కొప్పళ, గదగు దాటి మధ్యాహ్నం హుబ్లి చేరాము. అక్కడ బస్సు మారి కలఘటగి దాటినాక నేల రంగే మారిపోయినది. మన వైపు ఏడాదికి 600 మిల్లీమీటర్ల వాన పడితే అదే పదివేలు. ఆ వైపు దానికి మూడు నాలుగింతలు కురుస్తుంది. ఎర్రటి మట్టి, టేకు చెట్లు, వెదురు పొదలు, లోయలలో పోక తోటలు. ఎండకు అలవాటుపడిన మా కళ్ళకు ఆ పచ్చదనం మొదట చీకటిగా తోచినది. యల్లాపురంలో దిగి, మిత్రులు కుదిర్చిన జీపులో అడవి బాటన పోతుండగా ప్రొద్దు క్రుంకినది. పల్లె పేరు ఇక్కడ వ్రాయటం లేదు. వారి కాగితాల సంగతులు, కష్టసుఖాలు చెప్పవలసి ఉన్నది గనుక, అది మర్యాద అనుకున్నాము.

మొట్టమొదట మమ్ము ఎదుర్కొన్నవి కుక్కలు, తరువాత పిల్లలు. ఉంగరాలు తిరిగిన జుట్టు, నల్లని నిగనిగలాడే మేను, విశాలమైన ముఖాలు. చిత్రపటాలలో చూచిన ఆఫ్రికా దేశపు పిల్లలే మా ఎదుట నిలిచినట్లున్నది. అంతలో ఒక చిన్నది మా సంచీని చూపి, పక్కనున్న పిల్లతో అచ్చమైన ఆ సీమ కన్నడంలో, “రాయచూరు నుంచి వచ్చారంట, ఎండకు బాగా మాడినారు చూడు” అన్నది! మా ఉపాధ్యాయులవారు పకపక నవ్వి, “మనం వారిని చూడ వచ్చాము అనుకుంటున్నాము గాని, వారే మనలను చూస్తున్నారండీ” అన్నారు.

మాకు బడి వరండాలో బస. సోదరికి ప్రక్క ఇంటిలో చోటిచ్చారు. ఆ రాత్రి వేడి వేడి గంజి, దానిలోకి ఆ జిల్లాలో పేరుపొందిన అప్పెమిడి మామిడి ఊరగాయ, ఏటి చేపల పులుసు. మేము మా గోంగూర జాడీ తీశాము. ఇంటి యజమాని ఒక ముద్ద తిని, కళ్ళ నీళ్ళు తుడుచుకొని, మర్యాదగా మరి కొంచెం అడిగాడు. భోజనాల వద్ద కలిగిన స్నేహానికి పరిచయ వాక్యాలతో పని లేదు.

ఇళ్ళు మట్టి గోడలు, పెంకు కప్పులు. వాకిళ్ళు పేడతో అలికి అద్దంలాగున్నవి. ఇంట మాట్లాడుకునేది కొంకణి, బయట కన్నడం. హళియాళ వైపు ముస్లిము సిద్దీలు ఉర్దూ కూడ మాట్లాడుతారట. మతాలు మూడు. హిందువులు, క్రైస్తవులు, ముస్లిములు, ముగ్గురూ సిద్దీలే. మేమున్న చోట హిందూ, క్రైస్తవ కుటుంబాలు ఉన్నవి. ఒక ఇంటిలో పెద్దల పేరిట కొబ్బరికాయ నిలిపిన మూల, పొరుగింటిలో మేరీమాత పటం. చాలమంది తమ పేరు చివర సిద్ది అనే పెట్టుకుంటారు. “మీలో మీకు తేడాలు రావా?” అని అడిగితే ఒక మధ్యవయస్కుడు, “బయటివారికి మేమందరం ఒకే రంగు గదా సార్, ఇక మాలో మాకు తేడా ఎందుకు?” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని ఆ నవ్వు మాకు గుర్తుండిపోయినది.

వీరి పూర్వులు ఎట్లు వచ్చారన్నది కొంత చరిత్ర, కొంత ఊహ. పోర్చుగీసువారు మొజాంబిక్ మొదలైన తూర్పు ఆఫ్రికా రేవుల నుండి గోవాకు బానిసలను తెచ్చి అమ్మేవారు. వారిలో కొందరు యజమానుల బాధ పడలేక పడమటి కనుమలు ఎక్కి ఈ అడవులలో తలదాచుకున్నారు. పోర్చుగీసు ప్రభుత్వం బానిసత్వాన్ని రద్దు చేసినది 1869లో. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు సిద్దీల రక్తం పరీక్షించి 2011లో ప్రకటించిన వ్యాసంలో, వీరి మూలాలు బంటు భాషలు మాట్లాడే ఆఫ్రికా జాతులలో ఉన్నవనీ, తరతరాలుగా భారతీయుల రక్తమూ వీరిలో కలిసినదనీ తేల్చారు. ఆ ఏటి జనాభా లెక్కలలో కర్ణాటక సిద్దీలు పదివేలకు కొంచెం పైన. మన సింధనూరు పట్టణంలో నాలుగు వీధులవారంత మంది, నాలుగైదు తాలూకాల అడవులలో చెదరి ఉన్నారు. కాని ఏ ఇంటిలోను ఆఫ్రికాలోని ఒక ఊరి పేరు, ఒక నది పేరు చెప్పగలవారు మాకు కనబడలేదు. అడిగితే, “మా తాత ఈ ఊరే, ఆయన తాతా ఈ ఊరే” అంటారు.

మరునాడు ఉదయం నుండి మా పని మొదలైనది. బడి వరండాలో రెండు బల్లలు వేసి, కార్బను కాగితాలు, గమ్ము సీసా, స్టాంపు ప్యాడు పెట్టుకొని కూర్చున్నాము. కుర్రవాడు తన ల్యాపుటాపుతో ఒక ప్రక్క. మొదటి గంట ఎవరూ రాలేదు. తరువాత ఒక ముసలమ్మ ప్లాస్టికు సంచి తెచ్చి బల్ల మీద కుమ్మరించినది. రేషను కార్డు, ఓటరు కార్డు, ఆధారు కార్డు, ఎన్నడో కట్టిన ఇంటి పన్ను రశీదు, ఒక పాత ఫోటో. అన్నిటిలోను ఆమె పేరు ఉన్నది, ఏ రెండింటిలోను ఒకే విధంగా లేదు. ఆమె పేరు మూడక్షరాలు. దానిని గవర్నమెంటు నాలుగు రకాలుగా వ్రాసినది. ఇంతకంటె చిక్కు పిల్లల తేదీలు. ఒక ఇంటిలో ముగ్గురు అన్నదమ్ములు, ముగ్గురూ జూన్ 1న పుట్టినవారే. బడిలో చేర్చిన దినాన ఉపాధ్యాయులు పెట్టిన తేదీ అది. మన పల్లెలలోనూ ఈ పద్ధతి లేకపోలేదు గాని, మనకు జాతకమో, పంచాంగం వెనుక తాతగారు వ్రాసిన గీతయో ఉంటుంది. వీరికి అది లేదు.

అయితే అన్నిటికంటె ముఖ్యమైనది భూమి సంగతి. పోక తోటలున్న ఆసాముల దగ్గర కూలికి పోవటం, తేనె మొదలైన అడవి సరుకు ఏరటం, ఇంటి ప్రక్క ఎకరమో రెండెకరాలో చదును చేసి వరి వేయటం, ఇదే వీరి బ్రతుకు. ఆ ఎకరం రికార్డులలో అటవీశాఖది. వీరి తాత దున్నినా, తండ్రి దున్నినా, కాగితం మీద దాని పేరు ‘అతిక్రమణ’. మన భాషలో చెప్పాలంటే ఆక్రమణ. ఆ మాట అక్కడి పసిపిల్లలకు కూడ తెలుసు. “మా అతిక్రమణలో పనస చెట్టు ఉంది” అని ఒక కుర్రవాడు మాతో అన్నాడు, మనం ‘మా పెరటిలో’ అన్నంత సహజంగా.

2006లో పార్లమెంటు చేసిన అటవీ హక్కుల చట్టం ఈ దురవస్థను మాన్పటానికి ఒక దారి చూపినది. 2005 డిసెంబరు 13కు ముందు నుండి అడవి భూమిలో ఉండి సాగు చేసుకుంటున్న షెడ్యూల్డు తెగలవారికి, తాము నిజంగా సాగు చేస్తున్నంత మేర, 4 హెక్టార్లకు మించకుండా హక్కుపత్రం ఇవ్వాలి. తెగలవారు కాని అటవీవాసులైతే మూడు తరాలు, అనగా 75 ఏళ్ళు, అక్కడ ఉన్నట్లు రుజువు చూపాలి. ఉత్తర కన్నడ సిద్దీలను షెడ్యూల్డు తెగల జాబితాలో చేర్చినది 2003లో. ధారవాడ, బెళగావి జిల్లాల సిద్దీలకు అది 2020లో గాని లభించలేదు. జాబితాలో ఒక మాట చేరటం, చేరకపోవటం వలన ఒక కుటుంబం చూపవలసిన రుజువు ఎంత మారిపోతుందో చూడండి! మూడు తరాల సాక్ష్యం ఎక్కడ, 2005 నాటి ఒక రశీదు ఎక్కడ?

అర్జీ మొదట గ్రామసభకు పోవాలి. గ్రామసభ నియమించిన అటవీ హక్కుల సమితి భూమి చూచి వస్తుంది. తరువాత ఉపవిభాగ సమితి, చివరకు జిల్లా సమితి. రుజువులు ఒకటికి మించి ఉండాలి. రేషను కార్డు వంటి సర్కారు కాగితాలు సరే. అవి గాక, పొలానికి వేసిన గట్టు, త్రవ్విన బావి, పూర్వుల సమాధులు, పూజా స్థలాలు కూడ రుజువులుగా చెల్లుతవి. అర్జీదారు కాక వేరొక వృద్ధుడు చెప్పగా వ్రాసుకున్న వాఙ్మూలం కూడ చెల్లుతుంది. హక్కుపత్రం వస్తే భార్యాభర్తల ఇద్దరి పేర్లా వస్తుంది. అమ్మకూడదు, వారసులకు చెందుతుంది. ఈ చట్టాన్ని చదివి మా ఉపాధ్యాయులవారు, “వ్రాసినవాడెవడో గాని మట్టి తెలిసినవాడు” అన్నారు.

చట్టం మంచిదే, ఫారం చేతికందే దగ్గరే చిక్కంతా. ఒక రైతు తన పాత అర్జీ చూపించాడు. ఒక కార్యాలయం నుండి ‘రుజువులు చాలవు’ అన్న రెండు మాటలతో తిరిగి వచ్చినది. ఏ రుజువు చాలలేదో వ్రాయలేదు. అది తిరిగి వచ్చిన దగ్గర నుండి అతడు మరల అడగలేదు. “అడిగితే ఉన్నది కూడ పోతుందేమోనని భయం” అన్నాడు. మేము అతని వెంట పొలానికి వెళ్ళాము. తాత కట్టిన రాతి గట్టు ఉన్నది. నాచు పట్టిన బావి ఉన్నది. చివరన చెట్టు క్రింద మూడు రాళ్ళు, తాత, నాయనమ్మ, పసితనంలో పోయిన పినతండ్రి. ఇవన్నీ ఫారంలో వ్రాయవచ్చునని చెప్పితే అతడు చాలసేపు మా ముఖం వంక చూచి, “రాళ్ళను కూడ వ్రాస్తారా సార్?” అన్నాడు. వ్రాశాము. ఆ చెట్టుకు ఏ దిక్కున, గట్టుకు ఎన్ని అడుగుల దూరాన ఉన్నవో కొలిచి మరీ వ్రాశాము.

వాఙ్మూలం ఇచ్చినది ఆ ఊరికి పెద్ద అయిన ఒక అవ్వ. వయస్సు ఎనభై ఉండవచ్చు. “ఈ పొలం ఎప్పటి నుండి సాగులో ఉన్నది?” అని అడిగాము. ఆమె సంవత్సరం చెప్పలేదు. “నేను కాపురానికి వచ్చిన ఏడు ఈ పనస చెట్టు నా మోకాలంత. నా పెద్ద కూతురు పుట్టిన ఏడు తొలి కాపు కాచింది. ఆ కూతురికి ఇప్పుడు మనవలు” అన్నది. దానిని ఏ సంవత్సరంగా లెక్కించాలో మా బ్యాంకు సోదరి కూర్చుండి లెక్క కట్టినది. మేము మాత్రం ఆమె మాటలు ఆమె చెప్పినట్లే వ్రాసి, లెక్క క్రింద వేరుగా వేశాము. ఆఫీసు వ్యవహారంలో ఇరవై ఏళ్ళు వేల కాగితాలు వ్రాసి ఉంటాము. అంత ఒళ్ళు దగ్గర పెట్టుకొని వ్రాసిన కాగితం మరొకటి లేదు.

సాయంత్రాలు ఆ అవ్వ ఇంటి ముంగిట కూర్చునేవారము. మన సంఘం వారు పంపిన చీరల మూటలు ఆమె ముందే విప్పాము. నైలాను చీరలన్నీ ఒక ప్రక్కకు త్రోసి, మెత్తబడిన నూలు చీరలు మాత్రం ఒడిలో పెట్టుకొన్నది. మనం పాత గుడ్డలతో బొంత కుట్టినట్లు సిద్దీ స్త్రీలు కవంది కుడతారు. ఒక పాత చీర అడుగున పరచి, మూల దగ్గర మొదలుపెట్టి, అంచు వెంబడి రంగురంగుల ముక్కలు చేర్చుతూ, చుట్టూ తిరుగుతూ నడిమికి వస్తారు. చివర నాలుగు మూలలా ముక్కోణంగా మడిచిన గుడ్డపూలు పెడతారు. పువ్వు లేని కవంది వారికి పూర్తి అయినట్లు కాదు. ఇవి ఇప్పుడు పట్టణాలలోని ప్రదర్శనలకు కూడ పోతున్నవి. ఇంటిలో మాత్రం చలికాలపు రాత్రి ముగ్గురు పిల్లలు ఒకే కవంది క్రింద పడుకోవటమే దాని ప్రయోజనం. మూడవనాటికి మన మాన్వి వీధి చీర అంచు ఒకటి అవ్వ కవందిలో కనబడినది.

ఒక రాత్రి దమామి ఆడారు. దమామ అనే పెద్ద డప్పు వాయిస్తూ పాడే ఆట. ఆ దెబ్బకు మా కుర్రవాడు కూర్చోలేకపోయాడు. ఈ ఆటపాటల శక్తిని చూచియే, 1980 దశకంలో హెగ్గోడు నీనాసం వారి పూనికతో ఆ తాలూకా మంచికేరి ప్రాంతపు సిద్దీలు నైజీరియా రచయిత చినువా అచెబె నవలను కన్నడ నాటకంగా ఆడారు. ఆఫ్రికావాని కథను, ఆఫ్రికా రక్తమున్న కన్నడిగులు, కన్నడ భాషలో ఆడటం ఎంత ముచ్చట! 1987లో క్రీడా ప్రాధికార సంస్థవారు సిద్దీ బాలబాలికలను ఎన్నుకొని పరుగులలోను, ఇతర పోటీలలోను శిక్షణ ఇప్పించగా, కొందరు దేశానికి పతకాలు తెచ్చారు. ఆ పథకం 1993లో ఆగిపోయినది. 2020లో శాంతారామ సిద్దిగారు విధాన పరిషత్తుకు నామినేటు అయి, ఆ జాతిలో మొదటి శాసనకర్త అయ్యారు. ఈ విషయం చెప్పేటప్పుడు అక్కడి యువకుల గొంతులో గర్వం వినబడినది.

కాని అదే యువకులు మరొకటి కూడ చెప్పారు. హుబ్లికో బెంగుళూరుకో పనికి పోతే వీరిని విదేశీ విద్యార్థులనుకొని ఇంగ్లీషులో పలకరిస్తారట. కన్నడంలో బదులిస్తే, “ఎంత బాగా నేర్చుకున్నావు!” అని మెచ్చుకుంటారట. ఒకతనిని పాసుపోర్టు చూపమన్నారట. “ఏమి చేశావు?” అని అడిగాము. “రేషను కార్డు చూపాను సార్” అన్నాడు.

చివరి రోజులలో ఒక సాయంత్రం అవ్వ మమ్ము తన దగ్గర కూర్చోబెట్టుకొని ప్రశ్నలు వేసినది.

“తమ్మా, మీది ఏ ఊరు?”

“రాయచూరు జిల్లా, అజ్జీ.”

“మీలో మీరు మాట్లాడుకునేది కన్నడం కాదు గదా. అంతకు ముందు ఏ ఊరు?”

“గుంటూరు జిల్లా. మా తాతగారు తుంగభద్ర కాలువ వచ్చిన కొత్తలో వచ్చారు.”

“భూమికి కాగితం ఉందా?”

“ఉంది.”

“మొదటి నుంచీ ఉందా?”

“కొన్న దినాన్నే రిజిస్టరు చేయించారు.”

అవ్వ కొంతసేపు ఊరకుండి, “మంచిది తమ్మా, కాగితం భద్రంగా పెట్టుకో” అన్నది. అందులో ఎత్తిపొడుపు లేదు, అసూయ లేదు. మనుమనికి జాగ్రత్త చెప్పినట్లు చెప్పినది.

ఆ రాత్రి మా నలుగురికీ చాలసేపు నిద్ర పట్టలేదు. మన పెద్దలు వచ్చినది నిన్న గాక మొన్న. రెండు తరాలు, మహా అయితే మూడు. చేతిలో డబ్బుతో వచ్చారు, కొన్నారు, కష్టపడి పండించారు. ఆ కష్టాన్ని తక్కువ చేయటం లేదు. ‘క్యాంపువారు’ అని ఎవరైనా అంటే మనకు ఇప్పటికీ మనసు నొచ్చుతుంది. ఇక్కడ పుట్టాము, ఇక్కడి నీరు త్రాగాము, మా పిల్లలు కన్నడంలో చదివారు, ఇంకా ఎన్నాళ్ళు ఈ మాట అంటాము. మరి మనకంటె ఎన్నో తరాలు ముందు వచ్చి, తమంతట తాము రాక, పట్టి తేబడి, ఈ మట్టిలో పూర్వుల రాళ్ళు పాతుకున్నవారిని ఇంకా ‘ఏ దేశం?’ అని అడుగుతూనే ఉన్నారు. మనకు పరాయితనం ఒక బోర్డు మీద మాట. వారికి అది వారి పొలం పేరు. ఈ తేడా చేసినది వర్ణం ఒక్కటే కాదు, కాగితం కూడ. వర్ణాన్ని గూర్చి లోకం మనస్సు మారటానికి ఎన్నాళ్ళు పట్టునో మేము చెప్పలేము. కాగితం సంగతి మాత్రం వ్రాయటం వచ్చిన మనబోటి వారి చేతిలో కొంత ఉన్నది.

పది దినాలలో మేము వ్రాసినవి భూమి అర్జీలు తొమ్మిది, పేర్లు తేదీలు సరిచేయించే దరఖాస్తులు ఇరవైకి పైగా, వితంతు పింఛను అర్జీలు నాలుగు. మా కుర్రవాడు ముగ్గురు యువకులకు ఫారాలు నింపే పద్ధతి నేర్పి వచ్చాడు. అన్నిటిలోకి అది మేలైన పని. భూమి అర్జీలు గ్రామసభ ముందుకు పోయినవి. ఫలితం రావటానికి కాలం పడుతుంది. రాళ్ళ సంగతి వ్రాసిన ఆ రైతు తన అర్జీకి రశీదు అడిగి తీసుకున్నాడని మిత్రులు తెలిపారు.

వచ్చే మాఘమాసంలో మరల వెళ్ళాలని ఉన్నది. కన్నడం చక్కగా వ్రాయగలవారు, సర్వే నకళ్ళు చదవటం తెలిసిన విశ్రాంత ఉద్యోగులు ఇద్దరు ముగ్గురు తోడు వస్తే బాగుంటుంది. ఖర్చు పెద్దగా లేదు, బస్సు ఛార్జీలు, రాత్రికి గంజి. గృహిణులు ఈసారి మూటలు కట్టేటప్పుడు నైలాను చీరలు వద్దు, వాడి మెత్తబడిన నూలు చీరలే పంపగోరుతున్నాము. గోంగూర మాత్రం రెండు జాడీలు కావాలి, అక్కడ ఇప్పటికే గిరాకీ ఏర్పడినది.